బెల్టు ముందే కుట్టించాక పరీక్ష ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

గత సోమవారం మీ చిత్తూరు జిల్లా పేజీలో అడుగున ఒక ఫొటో వేశారు. తెల్ల కరాటే డ్రెస్సుల్లో పిలకాయలు మూడు వరసలుగా ఉన్నారు. ముందు వరస వాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, నడుముకున్న నల్ల బెల్టు కొసల్ని రెండు చేతులా ఎత్తి చూపిస్తున్నారు. వెనక ఫ్లెక్సీ, నడుమ శాలువా కప్పుకున్న నాయకుడు, ఆయన పక్కన మాస్టర్. కఠిన పరీక్షలో ప్రతిభ చూపి బ్లాక్ బెల్టులు సాధించారని కింద రాశారు. ఆ బెల్టులు కుట్టింది నేను. పరీక్ష జరిగింది ఆదివారం. బెల్టుల ఆర్డరు నా షాపుకు వచ్చింది అంతకు ముందు వారం. పరీక్ష రోజు పొద్దున్నే మాస్టర్ తమ్ముడు స్కూటర్ మీద వచ్చి సంచీ తీసుకుపోయాడు. సంచీలో ఉన్న బెల్టులన్నీ సాయంత్రానికి నడుములకెక్కాయి. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు.

ఆ ఒక్క స్కూలు మీద చాడీ చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. గిరింపేటలో నాకు బడి యూనిఫారాలు కుట్టే షాపుంది, ఒక కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషనుంది. చిత్తూరు మాస్టర్లే కాదు, తిరుపతి, పుత్తూరు, పలమనేరు నుంచి కూడా కరాటే డ్రెస్సులకూ బెల్టులకూ నా దగ్గరికే వస్తారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోని మాస్టర్లు కూడా నా షాపు బెంచీ మీద పక్కపక్కన కూర్చుని టీ తాగిన రోజులున్నాయి. అందరి ఆర్డర్లూ పరీక్షకు ముందే వస్తాయి. పరీక్ష అయ్యాక ఎంతమంది గట్టెక్కారో లెక్క చూసుకుని వచ్చే మాస్టర్లు ఈ చుట్టుపక్కల నాకు తెలిసి ఇద్దరే ఇద్దరు. వాళ్ల ఫొటోలు మీ పేపర్లో ఎప్పుడూ చూడలేదు. జూన్లో యూనిఫారాల రద్దీ తగ్గాక నా షాపు అద్దె కట్టేది ఈ బెల్టులే. ఆ సంగతి దాచుకుని నీతులు చెప్పడం లేదు.

బెల్టు ఎలా తయారవుతుందో చెబుతాను. లోపల మడతలు పెట్టిన మందపాటి కాటన్, పైన నల్ల సాటిన్. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎనిమిదో తొమ్మిదో కుట్టు వరసలు పక్కపక్కనే నడపాలి. ఒక్క వరస వంకర పోయినా బెల్టు మెలి తిరిగి ముడి నిలవదు. పెద్దవాళ్లకైతే 280 సెంటీమీటర్ల పొడవు, చిన్న పిలకాయలకు 220, 240. ఆ తర్వాత పసుపు దారంతో ఒక కొసన సంస్థ పేరు, రెండో కొసన పిల్లవాడి పేరు. పేరు కుట్టాలంటే ముందు కంప్యూటర్లో పంచింగ్ చేసుకోవాలి. ఏ అక్షరం మీద సూది ఎటు నడవాలో చెప్పే ఫైలన్న మాట. ఒక్క అక్షరం మారినా పని మళ్లీ మొదటికొస్తుంది. అందుకే మాస్టర్లు వాట్సాప్‌లో లిస్టు పంపే ముందు స్పెల్లింగులు తల్లిదండ్రులకు చూపించి ఖాయం చేసుకుంటారు. అంటే తమ బిడ్డ పాసైన సంగతి పరీక్షకు ముందే తల్లికీ తండ్రికీ తెలుసు, మాస్టర్‌కు తెలుసు, టైలర్‌కు తెలుసు. తెలియంది ఆ బిడ్డకు ఒక్కడికే.

ఈసారి లిస్టులో రెండో తరగతి పాప ఒకతె ఉంది. ఇంటిపేరు, నాన్న పేరు, తన పేరు కలిపితే చాంతాడంత అయింది. 220 బెల్టు నడుముకు రెండు చుట్లు చుట్టి ముడేశాక వేలాడే కొస మూరెడు కూడా ఉండదు. పేరు సగం ముడిలోకి పోతోంది. అక్షరాలు చిన్నవి చేయనా, ఇంటిపేరు తీసేయనా అని మాస్టర్‌కు ఫోను చేశాను. ‘ఇంటిపేరు తీయొద్దన్నా, వాళ్ల తాత ఫొటోకు వస్తాండాడు’ అన్నాడు. అదే ఫోన్లో అడిగాను, ‘ఎవురన్నా ఫెయిలయితే ఈ బెల్టు ఏం జేస్తావబ్బా? పేరు గూడా కుట్టేస్తిమే’ అని. నవ్వాడు. ‘ఫెయిలెందుకు అవుతారన్నా, నేను ట్రైనింగ్ ఇచ్చిన పిలకాయలు!’ పిల్లను చూడకముందే శుభలేఖలు అచ్చేయించినట్టుంది వ్యవహారం.

నేను 1980ల చివర్లో ఇంటర్ చదివేటప్పుడు మెసానికల్ గ్రౌండ్‌లో కరాటే నేర్చుకున్నాను. మా మాస్టర్ వేలూరు నుంచి మొదటి బస్సులో దిగేవాడు. చెప్పుల్లేకుండా మట్టి మీదే ప్రాక్టీసు. గ్రేడింగ్, అంటే బెల్టు పరీక్ష, పెట్టడానికి మాత్రం మద్రాసు నుంచి వేరే ఆయన వచ్చేవాడు. ఆ రోజు మా మాస్టర్ బల్ల దగ్గరికి కూడా పోడు. గోడ పక్కన నిలబడి మాకంటే ఎక్కువ చెమట కక్కేవాడు. శిష్యుడు తప్పితే అది తన లెక్కలో పడుతుంది గనక. పర్పుల్ బెల్టు పరీక్షలో హెయాన్ గోదాన్ అనే కటా చేశాను, ఒంటరిగా వరస ప్రకారం చేసి చూపించే కదలికలన్న మాట. అందులో ఎగిరి దూకి, కాళ్లు కత్తెరలాగా వేసుకుని కిందికి కుదురుకునే చోటొకటి ఉంది. దిగేటప్పుడు పక్కకు తూలాను. మద్రాసాయన కాగితం మీద ఏదో గీసి, ‘కాళ్లు నిలవలేదు, ఆరు నెలలు ఆగి రా’ అని అందరి ముందే చెప్పి, తరువాతి వాడి పేరు పిలిచాడు. ఇంటికి పోతే మా నాయన అడిగింది ‘ఏం తప్పు చేసినావురా?’ అనే గాని, ‘ఆయన ఫోను నంబరు ఇయ్యి, మాట్లాడతా’ అని కాదు. అప్పుడు మా ఇంట్లో ఫోను లేదనుకోండి. తర్వాత నల్ల బెల్టుకు ముందుండే బ్రౌన్ దాకా వచ్చాను, షాపు నెత్తిన పడ్డాక ఆపేశాను.

ఈ రంగు బెల్టులు చైనాలో షావొలిన్ మఠం సన్యాసుల కాలం నుంచీ ఉన్నాయని పిలకాయలకు చెప్పే మాస్టర్లున్నారు. అంత పాతవేం కావు. జపాన్‌లో జిగోరో కానో అనే ఉపాధ్యాయుడు 1882లో కొడోకాన్ అనే బడి స్థాపించి జూడో నేర్పడం మొదలుపెట్టాడు. అంతకు ముందు పాత యుద్ధవిద్యల గురువులు ఏళ్లకు ఏళ్లు సేవ చేయించుకుని, తృప్తి కలిగినప్పుడు విద్య వచ్చిందని రాసిన ఒక కాగితపు చుట్ట చేతిలో పెట్టేవారు. మధ్యలో తాను ఎక్కడున్నాడో శిష్యుడికి తెలిసే దారి లేదు. కానో బడి నడిపిన మనిషి. పిల్లవాడికి ముందున్న మెట్టు కనిపించాలనుకున్నాడు. ‘గో’ అనే బల్లాటలో ఉన్న డాన్లు అనే మెట్ల పద్ధతిని తెచ్చుకుని 1883లో ఇద్దరు శిష్యులకు మొదటి డాన్ ఇచ్చాడు. డాన్ వచ్చిన వాళ్లకు గుర్తుగా నల్ల బెల్టు ఆ తర్వాత కొన్నేళ్లకు వచ్చింది. పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగులు యూరప్‌లో జూడో నేర్పేటప్పుడు వ్యాపించాయి. 1930ల్లో పారిస్‌లో నేర్పిన కవైషి పేరు వీటితో ముడిపడి ఉంది.

కరాటేకు ఈ బెల్టులు జూడో దగ్గర నుంచే వచ్చాయి. జపాన్ దీవి ఒకినావాలో బడిపంతులుగా చేసిన ఫునకోషి గిచిన్ 1922లో టోక్యో వచ్చి కరాటే చూపించాడు. కానో ఆయన్ను కొడోకాన్‌కు పిలిపించుకుని మరీ చూశాడు. ఫునకోషి 1924లో ఏడుగురికి మొదటి డాన్ ఇచ్చాడు. బతికినన్నాళ్లూ ఐదో డాన్ దాటి ఎవరికీ ఇవ్వలేదు. గోజు ర్యు అనే కరాటే పద్ధతి పెట్టిన మియాగి చోజున్ అయితే తన శిష్యులకు డాన్లే ఇవ్వకుండా 1953లో పోయాడు. వాళ్ల పేర్లు చెప్పుకునే మనం ఇక్కడ ఐదో డాన్‌ను మజిలీ కింద కూడా లెక్కపెట్టడం లేదు. కానో పెట్టిన మెట్లకు తోడు మనవాళ్లు కొత్త మెట్లు కట్టారు. పసుపు తర్వాత పసుపు మీద ఒక నల్ల పట్టీ, ఆ తర్వాత రెండు పట్టీలు, జూనియర్ గ్రీన్, సీనియర్ గ్రీన్. పట్టీ కుట్టడానికి నేను తీసుకునేది టీ ఖర్చు. ఆ పట్టీకి తల్లిదండ్రులు కట్టే గ్రేడింగు ఫీజు వేరే. బ్లాక్ బెల్టు దగ్గరికొచ్చేసరికి పది, పదిహేను వేలు అడిగే వాళ్లున్నారు. అందులో డ్రెస్సు, బెల్టు, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు, భోజనం, ఫొటో అన్నీ కలిసే ఉంటాయి. ఫొటో మీ పేజీలో పడటం కూడా ఆ ప్యాకేజీలోదే.

మాస్టర్లందరూ దొంగలని నేను అనను. వాళ్ల లెక్క నాకు బాగా తెలుసు. నెలకు ఐదు వందల ఫీజు. నలభై మంది పేర్లు రిజిస్టర్లో ఉంటే కట్టేది పాతిక మంది. కల్యాణ మండపం మేడ మీద హాలుకు అద్దె, కరెంటు, వానొస్తే సెలవు, పరీక్షలొస్తే పిలకాయలు రారు. డాన్సు క్లాసుకు వెయ్యి కట్టే తండ్రి కరాటేకు ఐదు వందలంటే ‘నాలుగు వందలు చేసుకో మాస్టారూ’ అంటాడు. అదే తండ్రి గ్రేడింగు ఫీజు మూడు వేలన్నా నోరెత్తకుండా గూగుల్ పే చేస్తాడు, బెల్టు వస్తుంది గనక. నేర్పినందుకు డబ్బులు రావు, పాస్ చేసినందుకు వస్తాయి. అలాంటప్పుడు ఏ మాస్టర్ ఫెయిల్ చేస్తాడు? ఫెయిలైన వాడి తండ్రి మర్నాడే రెండు వీధుల అవతలున్న ఇంకో మాస్టర్ బోర్డు దగ్గరికి పోతాడు, వాడితో పాటు వాడి ఫ్రెండ్లు ముగ్గురు పోతారు. నెల ఫీజు వెయ్యి చేసి గ్రేడింగు ఉచితంగా పెట్టమని ఒక మాస్టర్‌కు సలహా ఇచ్చాను. ‘చెప్పేదానికి బాగుంటుందన్నా, ఫస్టు నెలకే క్లాసు ఖాళీ అవుతుంది’ అన్నాడు. ఆయన మాటను నేను కొట్టిపారేయలేకపోయాను.

ఇక బోర్డుల సంగతి. ఇది చెప్పకపోతే ఉత్తరం సగమే అవుతుంది. ఒక మాస్టర్ దగ్గర బ్రౌన్ దాకా వచ్చిన కుర్రాడు ఏదో మాటామాటా వచ్చి విడిపోతాడు. సొంతంగా బోర్డు పెట్టాలంటే నల్ల బెల్టు కావాలి. పాత మాస్టర్ ఇవ్వడు. చెన్నైలోనో బెంగళూరులోనో పేరు చివర ఇంటర్నేషనల్, వరల్డ్ అని ఉన్న సంస్థ ఒకటి ఉంటుంది. దానికి చిత్తూరులో శాఖ కావాలి, ఇతనికి డాన్ కావాలి. ఇద్దరి అవసరమూ ఒక్క మధ్యాహ్నంలో తీరిపోతుంది. తర్వాత ఇతను ఇక్కడ పెట్టే ప్రతి గ్రేడింగులోనూ తలకు ఇంతని పైకి పంపాలి. పైవాడు ఇతని డాన్ పెంచుతూ పోతాడు. ఆ పెరుగుదల బెల్టు కొసన గీతలుగా నా చేతి మీదుగానే పోతుంది. కిందటేడు రెండు గీతలు కుట్టించుకున్న మనిషి ఈ ఏడు ఐదు గీతల బెల్టు అడిగాడు. మూడు, నాలుగు ఎప్పుడైపోయాయని అడగడం టైలర్ పని కాదు కదా, కుట్టి ఇచ్చాను.

గీతలు చాలకపోతే బిరుదులున్నాయి. రెన్షి, క్యోషి, హన్షి అనేవి 1895లో క్యోటోలో పుట్టిన దై నిప్పొన్ బుటోకుకై అనే సంస్థ వాడుకలోకి తెచ్చిన బిరుదులు. హన్షి అన్నిటికంటే పెద్దది, జీవితమంతా విద్యలో గడిపిన వాళ్లకు ఇచ్చేది. గాంధీ విగ్రహం దగ్గర కట్టే ఫ్లెక్సీల్లో నేను చూసిన హన్షుల్లో గడ్డం నెరిసిన వాళ్లు తక్కువ. ఒకాయన హన్షి అని కట్టుకుంటే ఎదుటి వర్గం ఆయన పక్కనే గ్రాండ్ మాస్టర్ అని కట్టుకుంటుంది. రాత్రికి రాత్రి ఒక ఫ్లెక్సీ చిరిగిపోతుంది. మర్నాడు రెండు వర్గాల వాళ్లూ నా షాపులో వేరే వేరే టైములో కూర్చుంటారు.

2022 ఏప్రిల్ 4న మన ఉమ్మడి జిల్లా మూడు జిల్లాల్లోకి పోయింది. తిరుపతి వేరైంది, మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. కలెక్టరేట్లకు బోర్డులు మారడానికి పట్టినంత టైము కూడా పట్టలేదు, కరాటే సంఘాలు మారిపోవడానికి. చిత్తూరు జిల్లా సంఘం ఒకటుండేది, దానికి పోటీ సంఘం ఒకటుండేది. ఇప్పుడు తిరుపతి జిల్లాకు రెండు, చిత్తూరుకు రెండు, ‘ఉమ్మడి జిల్లా’ పేరు వదులుకోని పాతవాళ్లది ఇంకొకటి. ప్రతి సంఘానికీ అధ్యక్షుడు, గౌరవ అధ్యక్షుడు, కార్యదర్శి, ట్రాక్ సూట్లు. ఆ ట్రాక్ సూట్ల వెనక అక్షరాలు కుట్టే పని నాకు బాగానే దొరికింది. ఒక సంఘం పిల్లవాడు ఇంకో సంఘం టోర్నమెంటుకు పోకూడదు. పోతే బెల్టు రద్దు చేస్తామని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడతారు. అందుకే ప్రతి టోర్నమెంటులోనూ ప్రతి సంఘం పిలకాయలకూ బంగారు పతకాలు వస్తాయి. ఆడేది వాళ్లతో వాళ్లే కదా.

మా చెల్లెలి కూతురు చిత్తూరులో ఐదో తరగతి నుంచి పది దాకా నేర్చుకుని బ్రౌన్ బెల్టు వేసుకుంది. ఆ పాప కటా చేస్తుంటే నేను మిషను ఆపి చూస్తాను. ఇంటర్‌కు తిరుపతిలో చేరింది, బైరాగిపట్టెడలో అద్దెకున్నారు. దగ్గర్లో ఒక క్లాసుందని తల్లీ కూతుళ్లు పోయారు. అక్కడి మాస్టర్ సర్టిఫికెట్ల ఫైలు తిరగేసి, ఈ సంస్థ తమకు చెల్లదన్నాడు. వైట్ బెల్టు నుంచి రావాలట. వద్దనుకుంటే ఇంకో దారుందట, అన్ని గ్రేడింగులూ ఒకే రోజు పెడతారు, అన్ని ఫీజులూ కలిపి కట్టాలి. ఆ రాత్రి పాప నాకు ఫోను చేసింది. ‘మామా, కటా చేసి చూపిస్తా సార్ అంటే చూడనే లేదు, ఫైలు మాత్రం చూసినాడు’ అంది. వచ్చిన కోపానికి నేనే బస్సెక్కి పోదామనుకున్నాను, వద్దని మా చెల్లెలే ఆపింది. ఆ అమ్మాయి ఇప్పుడు పొద్దున్నే తారకరామ స్టేడియంకు పోయి పరుగు ప్రాక్టీసు చేస్తోంది. అక్కడ టైము కొలుస్తారు, పాత సంస్థ ఏదని అడగరు.

వర్గాలు మన జిల్లాలోనే పుట్టాయని అనుకోవద్దు. 1957లో ఫునకోషి చనిపోయినప్పుడు అంత్యక్రియలు ఎవరి చేతి మీదుగా జరగాలనే దగ్గరే శిష్యులు రెండుగా చీలారు. జపాన్ కరాటే అసోసియేషన్ పెద్ద నకయామా 1987లో పోయాక ఆ సంస్థ పేరు కోసం కోర్టుకెక్కారు, ఆ కేసు 1999 దాకా సాగింది. క్యోకుషిన్ అనే కరాటే పద్ధతి పెట్టిన ఒయామా 1994లో పోయాక ఆయన సంస్థ ఎన్ని ముక్కలైందో చెప్పడం కష్టం. మన దేశంలోనూ అంతే. పోట్లాటలు ముదిరి 2020లో అప్పటి జాతీయ సంఘానికి అటు భారత ఒలింపిక్ సంఘం గుర్తింపు, ఇటు ప్రపంచ కరాటే సమాఖ్య గుర్తింపు రెండూ పోయాయి. మరుసటి ఏడు టోక్యోలో కరాటే మొదటిసారి ఒలింపిక్స్‌లో ఆడించారు, మన దేశం నుంచి ఒక్కరూ లేరు. 2024 పారిస్‌లో ఆ ఆటనే పెట్టలేదు. పెద్దవాళ్లు పేర్ల కోసం కొట్టుకున్నన్నాళ్లూ ఆడాల్సిన పిలకాయల వయసు దాటిపోయింది.

తల్లిదండ్రులకు ఒక మాట. బ్లాక్ బెల్టు సర్టిఫికెట్టుంటే స్పోర్ట్స్ కోటాలో సీటో ఉద్యోగమో వస్తుందని షాపుకొచ్చే వాళ్లలో సగం మంది నాతో అంటారు. ఎవరు చెప్పారంటే, మాస్టర్ చెప్పాడంటారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోటాలో చూసేది గుర్తింపు ఉన్న పోటీల్లో ఆడిన ధ్రువపత్రాలు. దేశం తరఫునో, రాష్ట్రం తరఫునో, యూనివర్సిటీ తరఫునో, జాతీయ పాఠశాల క్రీడల్లోనో ఆడి ఉండాలి. దానికి వేరే ఫారాలున్నాయి, సంతకం ఎవరు పెట్టాలో వాటి మీదే రాసి ఉంటుంది. నడుముకు ఏ రంగు బెల్టుందనే గడి ఆ ఫారాల్లో ఎక్కడా లేదు. పదిహేను వేలు కట్టే ముందు ఆ ఫారం ఒకసారి తెరిచి చూడండి.

రెండో తరగతి పాపకు నల్ల బెల్టు ఏమిటనే దానికి టైక్వాండో వాళ్ల దగ్గర ఒక పద్ధతుంది. కొరియాలో టైక్వాండో డాన్లు ఇచ్చే సంస్థ కుక్కివాన్ 15 ఏళ్ల లోపు పిల్లలకు డాన్ ఇవ్వదు, పూమ్ అని ఇస్తుంది, బెల్టు కూడా సగం ఎరుపు సగం నలుపు. వయసొచ్చాక దాన్ని డాన్‌గా మార్చుకోవాలి. బిడ్డ ఉత్సాహం చచ్చిపోదు, ఆ వయసుకు మించిన మాటా చెప్పినట్టుండదు. కరాటే మాస్టర్లకు ఈ మాట చెబితే ‘అది వేరే ఆటన్నా’ అంటారు. రెండు రంగుల బెల్టు కుట్టడం నాకు కొంచెం ఎక్కువ పని, అయినా సంతోషంగా కుడతాను.

పెనుమూరు వైపు మా అమ్మగారి ఊళ్లో కర్రసాము తిప్పే వాళ్లుండేవాళ్లు. జాతర రోజు నడివీధిలో కర్ర తిప్పితే ఎవరి చెయ్యి ఎంతో ఊరంతా చూసేది. గురువు పేరు చెప్పి దండం పెట్టి దిగేవాళ్లు, దిగాక ఆ పేరు కాపాడాల్సింది కర్రే. వాళ్లలోనూ పగలుండేవి, తాగి తలలు పగలగొట్టుకున్న వాళ్లూ ఉన్నారు, అదంతా బంగారు కాలమని నేననను. ర్యాంకు కొనుక్కునే వీలు మాత్రం లేదు, ఎందుకంటే చూసేవాళ్లకు ఆట తెలుసు. కరాటేలో చూసే తల్లిదండ్రులకు ఆట తెలియదు. బెల్టు రంగు ఒక్కటే వాళ్లకు అర్థమవుతుంది. వ్యాపారమంతా ఆ సందులోనే ఉంది.

అందుకే పరీక్ష పెట్టే మనిషి వేరే ఊరి వాడు, వీలైతే వేరే సంఘం వాడు కావాలంటాను. ఆయనకు వచ్చినందుకు దారి ఖర్చు ఇవ్వండి, పాసైన తలకు ఇంతని ఇవ్వొద్దు. ఫీజు పరీక్షకు కట్టించుకోండి, తప్పిన వాడికి రెండోసారి ఫీజు లేకుండా పరీక్ష పెట్టండి. వేరే స్కూలు నుంచి వచ్చిన బిడ్డ ఫైలు పక్కన పెట్టి, మ్యాటు మీద నిలబెట్టి పది నిమిషాలు చూడండి. ఏ మెట్టు మీద ఉందో నిజంగా ఆట తెలిసిన మాస్టర్‌కు ఆ పది నిమిషాలు చాలు. బెల్టుల ఆర్డరు ఫలితాలు వచ్చాక ఇవ్వండి. రెండు రోజుల్లో కుట్టి ఇవ్వకపోతే నన్నడగండి. వచ్చే నెల నుంచి నా షాపులో పేరు కుట్టే బెల్టులకు పరీక్ష ఫలితాల కాగితం చూపించమని అడగబోతున్నాను. సగం గిరాకీ పక్క వీధికి పోతుందని మా ఆవిడ అంటోంది. పోతే పోనీ అని పైకి అన్నాను గాని, ఏమవుతుందో చూడాలి.

అయ్యా, మీ పత్రిక చేయాల్సిన పని ఒకటుంది. ఫొటో, ప్రెస్‌నోట్ పట్టుకుని మాస్టర్లు మీ ఆఫీసుకొచ్చినప్పుడు మీ విలేకరి మూడు సంగతులు అడిగి రాయాలి. పరీక్ష పెట్టింది ఎవరు, ఆయనకూ ఈ స్కూలుకూ సంబంధమేమిటి? పరీక్షకు ఎంతమంది కూర్చుంటే ఎంతమంది తప్పారు? పాసైన వాళ్లు ఎన్నేళ్లుగా నేర్చుకుంటున్నారు? జవాబులు చెప్పిన స్కూలు వార్తను ఇంకొంచెం పెద్దదిగా వేయండి. తప్పిన వాళ్లున్న స్కూలునైతే మొదటి పేజీలో వేసినా నాకు అభ్యంతరం లేదు. జవాబు చెప్పని వాళ్లు ఫొటో వేయించుకోవాలనుకుంటే మీ దగ్గర ప్రకటనల విభాగం ఉండనే ఉంది, రేటు కార్డు ఇవ్వండి. ప్రపంచ రికార్డు పేరుతో మైదానంలో పిలకాయలందరి చేతా ఒకేసారి పంచులు కొట్టించే కార్యక్రమాల గురించి ఇంకోసారి రాస్తాను, అది వేరే కథ.

నా పేరు, ఫోను నంబరు కవరు లోపల వేరే చీటీ మీద రాసి పెట్టాను. మీరు ఫోను చేసి సరిచూసుకోవచ్చు, సాయంత్రం ఏడు తర్వాతైతే మిషను చప్పుడుండదు. పేపర్లో మాత్రం పేరు వేయొద్దు. ఈ నెలాఖరుకు రెండు సంఘాల ట్రాక్ సూట్లు ఇవ్వాల్సి ఉంది, అడ్వాన్సు ఇంకా ఒక సంఘమే ఇచ్చింది.

ఇట్లు
ఒక టైలర్
గిరింపేట, చిత్తూరు